చుక్కలు పోతే రోగం పోయినట్టు కాదు

ఈ వారం ఇన్‌బాక్స్‌లోకి వచ్చిన మెసేజ్ ఇది: ‘అన్నా, నీమో తెచ్చి వారమైంది. మొన్న ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు వచ్చాయి. ఏ మందూ వేయలేదు, రెండ్రోజుల్లో అవే పోయాయి. ఇంక సేఫే కదా?’

సేఫ్ కాదు తమ్ముడూ. చుక్కలు పోయిన రోజే గడియారం మొదలైంది. ఇంకో వారం పది రోజుల్లో అవే చుక్కలు మళ్లీ వస్తాయి, ఈసారి పదింతలు వస్తాయి. మేం ఆఫీసులో ఒక మాట అంటుంటాం: సర్వర్ రీస్టార్ట్ చేస్తే పోయిన బగ్, పోయిన బగ్ కాదు. చేప ఒంటి మీద చుక్క కూడా అంతే.

ఈ కాలమ్ రెగ్యులర్‌గా చదివేవాళ్లకు మా ఇంట్లో ఉప్పునీటి తొట్టి ఉన్న సంగతి తెలుసు. కొత్తవాళ్ల కోసం మళ్లీ చెప్తా. మాది కోసిగి. ఆదోనికి, మంత్రాలయం రోడ్డుకు మధ్య రైలు ఆగే ఊరు. కాకి ఎగిరినట్టు లెక్కేసినా ఏ వైపు సముద్రమైనా 300 కిలోమీటర్లకు పైనే. తాగే నీళ్లు క్యాన్లలో కొనుక్కునే ఊళ్లో ఒకడు కొన్న నీళ్లలో ఉప్పు కలిపి చేపల్ని పెంచుతున్నాడంటే నవ్వకుండా ఎలా ఉంటారు? మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది: ‘తినేకి కాదు, అమ్మేకి కాదు, ఏమిటికిరా ఇవి?’ దానికి నా దగ్గర సమాధానం లేదు. కానీ నీళ్ల విలువ తెలిసిన ఊరు కాబట్టే ఒకటి గట్టిగా చెప్తా. ఇంత ఖర్చు పెట్టి, ఇన్ని నీళ్లు వాడి తెచ్చిన చేపని పదిహేను రోజుల్లో చంపుకోవడం మాత్రం దండగ. ఎక్కువ శాతం చేపలు పోయేది ఒకే ఒక్క కారణంతో. కొత్త చేపని వేరుగా ఉంచకుండా నేరుగా మెయిన్ తొట్టిలో వేయడం.

ఆదోనిలో నా ఫ్రెండ్ ఒకడు ఉన్నాడు. ఏడాదిగా రెండు క్లౌన్ చేపల్ని కళ్లలో పెట్టుకుని చూసుకున్నాడు. ఒకరోజు నీలం రంగు డామ్సెల్ ఒకటి చవగ్గా వచ్చిందని తెచ్చి, కవర్ అరగంట తేలించి వదిలేశాడు. మూడో రోజు డామ్సెల్ పంప్ దగ్గరే నిలబడి గబగబా మొప్పలు ఆడించడం మొదలెట్టింది. నాలుగో రోజు రాత్రికి మూడు చేపలూ లేవు. ఒంటి మీద ఒక్క తెల్ల చుక్క కూడా కనపళ్లేదు అంటాడు వాడు. కనపడదు. అది తెల్లచుక్క కాదు, వెల్వెట్. దాని దగ్గరికి తర్వాత వస్తా. ముందు చుక్క సంగతి చూద్దాం.

ఉప్పునీటి చేపల్లో వచ్చే తెల్లచుక్క రోగానికి కారణం క్రిప్టోకారియోన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి. మన కోస్తా రైతులు ‘వైట్ స్పాట్’ అంటే రొయ్యకి వచ్చే వైరస్ అనుకుంటారు. పేరు ఒకటే అయినా ఈ రెంటికీ సంబంధం లేదు. మంచినీటి గోల్డ్ ఫిష్‌కి వచ్చే చుక్కల పరాన్నజీవి కూడా వేరే. అందుకే ‘హీటర్ 30 డిగ్రీలకు పెట్టండి, పోతుంది’ అనే మంచినీటి చిట్కా ఇక్కడ పనిచేయదు. చాలా వీడియోల్లో ఈ మూడూ కలిపేసి కిచిడీ చేస్తున్నారు.

మీకు కనిపించే ఆ చుక్క, చేప చర్మం కిందకి దూరి తింటూ కూర్చున్న పరాన్నజీవి. అక్కడ 3 నుంచి 7 రోజులు ఉంటుంది. కడుపు నిండాక, ఎక్కువగా చీకట్లో, చేపని వదిలేసి కిందకి దిగిపోతుంది. మీరు పొద్దున లేచి చూసి ‘హమ్మయ్య, తగ్గింది’ అనుకునేది ఈ రోజునే. దిగింది ఇసుక మీదో, రాయి మీదో, గాజు మీదో కొన్ని గంటలు పాకి, చుట్టూ గట్టి తిత్తి కట్టుకుంటుంది. ఆ తిత్తి లోపల విడిపోతూ విడిపోతూ ఒకటి రెండు వందల వరకు అవుతుంది. తిత్తి పగలడానికి కనీసం మూడు రోజులు పడుతుంది, మామూలుగా నాలుగు వారాల లోపు పగులుతుంది. 72 రోజులకు పగిలినవి కూడా పరిశోధనల్లో నమోదయ్యాయి. బయటికొచ్చిన పిల్లలకు ఒకటి రెండు రోజుల్లోపు చేప దొరకాలి, లేదంటే చచ్చిపోతాయి. మొదటి కొన్ని గంటలు దాటాక వాటి బలం కూడా బాగా తగ్గిపోతుంది.

సముద్రంలో ఈ లెక్క చేపకే అనుకూలం. తిత్తి పగిలేటప్పటికి చేప ఎక్కడో ఉంటుంది, రెండు వందల్లో ఒకటో రెండో దాన్ని పట్టుకుంటాయి, చేప తట్టుకుంటుంది. అదే వంద లీటర్ల గాజు పెట్టెలో చేప యాడికి పోతుంది? పగిలిన ప్రతి పిల్లకీ మూరెడు దూరంలోనే చేప. మొదటిసారి పది చుక్కలుంటే, రెండో విడతకి తిత్తుల్లోంచి రెండు వేల దాకా బయటికి రావచ్చు. మూడో విడతకి చేప ఉండదు. ఉత్త చుక్కలతో కూడా చావదు. మొప్పల మీద పట్టి ఊపిరాడక చస్తుంది.

ఇంకో మెలిక ఉంది. చేప చర్మం కింద ఉన్నప్పుడు మందు దాన్ని తాకదు. తిత్తిలో ఉన్నప్పుడూ తాకదు. బయట ఈదుతూ చేపని వెతుక్కునే ఆ ఒకటి రెండు రోజులే మందుకి చిక్కుతుంది. కాబట్టి ఒకరోజు మందేసి ఆపడం అంటే, స్టేషన్లో ఒక రైలు చూసుకుని మిగతా రైళ్లన్నీ వదిలేయడమే. అన్ని తిత్తులూ పగిలి, పుట్టిన పిల్లలన్నీ చచ్చేదాకా మందు అక్కడే ఉండాలి. నిజంగా రోగం తగ్గించేది మందుకన్నా రోజులే.

క్వారంటైన్ అనే మాటలోనే రోజుల లెక్క ఉంది. వెనిస్ వాళ్ల భాషలో నలభై రోజులు అని. అంతకు ముందే, 1377లో, ఇప్పటి క్రొయేషియాలో ఉన్న రగూసా అనే రేవు పట్నం, ప్లేగు ఉన్న ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు నెల రోజులు బయటే ఉండాలని రూల్ పెట్టింది. ఆ రోజులు వాళ్లు అంచనా మీద పెట్టారు. 2020లో మనకి చెప్పిన పద్నాలుగు రోజులు, వైరస్ ఒంట్లో ఎన్నాళ్లు దాక్కుంటుందో చూసి పెట్టినవి. చేపల దగ్గర కూడా రోజులు మన ఓపికని బట్టి కాదు, పరాన్నజీవి జీవితాన్ని బట్టి ఉండాలి. ‘వారం పాటు చూశా, బాగానే ఉంది’ అనేవాళ్లకు ఇదే నా జవాబు. తిత్తి 28 రోజులు ఆగగలిగినప్పుడు వారం చూడటం అంటే చూడకపోవడమే.

ఇదంతా సరదా కోసం చేప పెంచేవాళ్ల చాదస్తం అనుకోవద్దు. ఉప్పునీటి క్వారంటైన్ మీద ఆంధ్రలో లక్షల మంది బతుకు ఆధారపడి ఉంది. 1990ల మధ్యలో కోస్తా అంతా టైగర్ రొయ్య వేసినప్పుడు వైట్ స్పాట్ వైరస్ వచ్చి చెరువులకు చెరువులు ఊడ్చుకుపోయిన కథ నెల్లూరు వైపు ఏ పెద్దాయన్ని అడిగినా చెప్తాడు. తర్వాత 2009లో కేంద్రం వనామీ రొయ్యకి అనుమతి ఇచ్చినప్పుడు ఒక షరతు పెట్టింది. విదేశాల నుంచి విమానంలో దిగే తల్లి రొయ్యలు నేరుగా హేచరీకి వెళ్లకూడదు. చెన్నై నీలాంకరైలో రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ ఆక్వాకల్చర్ నడిపే ఆక్వాటిక్ క్వారంటైన్ కేంద్రంలో వాటిని వేరుగా ఉంచి, పీసీఆర్ పరీక్షలు చేసి, రోగం లేదని తేలాకే హేచరీలకు పంపుతారు. ఆ రొయ్యలు పుట్టుకతోనే ఫలానా రోగాలు లేనివని సర్టిఫికెట్‌తో వస్తాయి. అయినా ఆపుతారు. సర్టిఫికెట్ ఉన్న రొయ్యనే ఆపుతుంటే, ఏ కంపెనీ సీలూ లేని ప్లాస్టిక్ కవర్లో వచ్చిన మన నీమోని ఆపొద్దా?

మన కవర్ కథ ఇంకా అధ్వానం. రంగు చేపల వ్యాపారానికి పేరున్న చెన్నై కొళత్తూరు నుంచో, ముంబై నుంచో సరుకు వస్తుంది. (మా ఊరు ఈ రెండు మహానగరాల మధ్య రైలు లైను మీదే ఉంది, ఆ విషయంలో మాత్రం కోసిగి అదృష్టం.) చాలా షాపుల్లో పది తొట్లకీ నీళ్లు ఒకే ఫిల్టర్ నుంచి తిరుగుతాయి. పక్క తొట్టిలో చేపకి రోగముంటే మీరు కొన్న దానికీ ఉన్నట్టే. కొందరు చుక్కలు కనపడకుండా నీళ్లలో కొద్దిగా రాగి మందు ఉంచుతారు. అది పరాన్నజీవిని చంపేంత కాదు, అణిచిపెట్టేంత. షాపులో మెరిసిపోయిన చేప మీ ఇంటికొచ్చిన నాలుగో రోజు చుక్కలు వేసేది ఇందుకే. ‘షాపులో బాగానే ఉందన్నా’ అంటారు, నిజమే, అక్కడ బాగానే ఉంది.

హేచరీలో పుట్టిన క్లౌన్ చేప కొనడం మంచిదే. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు క్లౌన్ చేపల్ని గుడ్డు దగ్గర్నుంచి పెంచే పద్ధతులు ఎప్పుడో సిద్ధం చేశారు. సముద్రంలో పట్టిన చేప కంటే ఇవి గుళికల మేత త్వరగా తింటాయి, రీఫ్ మీద భారం ఉండదు. కానీ హేచరీలో పుట్టింది కదా అని క్వారంటైన్ మానేయొద్దు. అది మీ దగ్గరికి వచ్చేది అదే షాపు, అదే ఫిల్టర్ మీదుగా.

ఇక ఎలా చేయాలి? నేను కొత్తవాళ్లకి మొదట చెప్పేది మందే లేని పద్ధతి. తొట్టి మార్పిడి. సూత్రం చాలా సింపుల్. తిత్తి పగలడానికి కనీసం మూడు రోజులు కావాలి. అందుకే మూడు రోజులు నిండేసరికి చేపని పూర్తిగా కొత్త నీళ్లున్న కొత్త టబ్బులోకి మార్చేస్తాం. రాలిన తిత్తులన్నీ పాత టబ్బులో మిగిలిపోతాయి. మొదటి రోజు ఒక టబ్బు, నాలుగో రోజు రెండోది, ఏడో రోజు మూడోది, పదో రోజు నాలుగోది, పదమూడో రోజు చూసుకునే తొట్టిలోకి. ఒంటి మీదున్నవన్నీ ఈలోపు రాలిపోతాయి. రాలినవాటికి తిరిగి ఎక్కే అవకాశం దొరకదు. 72 గంటలు అంటే 72 గంటలే. ‘ఆఫీసులో రిలీజ్ ఉంది, రేపు మారుస్తా’ అంటే మొదటి నుంచి మొదలెట్టుకోవాల్సిందే. ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

చిన్న క్లౌన్ చేప ఒక్కదానికి 20 లీటర్ల టబ్బు సరిపోతుంది. అంటే సరిగ్గా ఒక వాటర్ క్యాను. లీటరుకి 35 గ్రాముల లెక్కన క్యానుకి 700 గ్రాముల సముద్రపు ఉప్పు మిశ్రమం. వంటింటి ఉప్పు కాదు, అక్వేరియం కోసం అమ్మేది. నాలుగు టబ్బులకీ కలిపి 80 లీటర్ల నీళ్లు, 2 కిలోల 800 గ్రాముల ఉప్పు. మా బోరు నీళ్లు మాత్రం వాడొద్దు, కెటిల్‌లో కాచినా తెల్లగా పెచ్చు కట్టే నీళ్లవి. క్యాన్ నీళ్లైనా టీడీఎస్ మీటర్ పెట్టి చూసుకోండి. ఉప్పు ముందురోజే కలిపి, ఎయిర్ పంప్ పెట్టి, రాత్రంతా తిప్పండి. పాత నీళ్లకీ కొత్త నీళ్లకీ ఉప్పదనం, వేడి రెండూ సరిపోవాలి. మార్చేటప్పుడు పాత నీళ్లు వీలైనంత తక్కువ రానివ్వండి. పాత టబ్బు, ఎయిర్ స్టోన్, పైపు, జల్లెడ, థర్మామీటర్ ఏవీ కొత్త టబ్బులోకి పోకూడదు.

ఇక్కడ మా ఊరి గొప్ప ఒకటి చెప్పుకోవాలి. తిత్తి తడి పూర్తిగా ఆరిపోతే బతకదు. విశాఖలో ఉండేవాళ్లు టబ్బు ఆరబెట్టడానికి తంటాలు పడతారు. మా మిద్దె మీద మధ్యాహ్నం పన్నెండుకి బోర్లించిన టబ్బు మూడింటికల్లా పాపడంలా ఉంటుంది. అందుకే నాలుగు టబ్బులు కొనక్కర్లేదు. రెండు సెట్లు ఉంటే చాలు, ఒకటి నీళ్లలో, ఒకటి ఎండలో. రాయలసీమ ఎండకి ఒక ఉపయోగం దొరికిందని మా నాన్న కూడా ఒప్పుకున్నాడు.

అదే ఎండ మిగతా విషయాల్లో శత్రువు. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటితే గదిలో నీళ్లు 32 డిగ్రీలకు ఈజీగా పోతాయి. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, మొప్పలు దెబ్బతిన్న చేపకి అసలే ఊపిరి కష్టం. చిల్లర్ కొనలేనివాళ్లు టబ్బు మీదుగా చిన్న ఫ్యాన్ తిప్పండి. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ పనిచేసినట్టే పనిచేస్తుంది, కోస్తా ఉక్కలో ఇంత పనిచేయదు. కానీ ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. 40 లీటర్ల తొట్టిలో 2 లీటర్లు ఆవిరైతే 35 ఉన్న ఉప్పదనం 37 దగ్గరికి పోతుంది. రోజూ గీత పెట్టుకుని, తగ్గినంత మంచినీళ్లే కలపాలి, ఉప్పునీళ్లు కాదు. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి తప్పనిసరి. నా మాట వింటే ఎండాకాలంలో కొత్త చేప కొననే కొనొద్దు. ఆ నెలల్లో ఊళ్లో నీళ్ల కోసం బిందెలు వరసలో ఉంటాయి, అప్పుడు మనం క్యాన్లకి క్యాన్లు ఉప్పు కలిపి పారబోయడం చూడ్డానికీ బాగోదు.

మార్పిడి పద్ధతికి ఒక హద్దుంది. తెల్లచుక్కకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది కానీ, వెల్వెట్‌కి దీన్ని నమ్ముకోలేం. వెల్వెట్ అంటే అమైలూడినియం ఒసెల్లేటమ్. చుక్కలు కాదు, టార్చ్ లైటు పక్క నుంచి వేస్తే ఒంటి మీద సన్నటి బంగారు ధూళి కనిపిస్తుంది, అదీ ఆలస్యంగా. ముందు మొప్పల్నే పడుతుంది. చేప గబగబా ఊపిరి పీలుస్తూ, పంప్ ధారకి ఎదురు నిలబడి, తిండి మానేసిందంటే చుక్కల కోసం ఎదురు చూడొద్దు. ఒక్కో తిత్తిలోంచి 256 పిల్లల దాకా రావచ్చు, రోజుల్లోనే అంతా అయిపోతుంది. ఆదోనిలో జరిగింది ఇదే.

దీనికి రాగి మందే దారి. రాగి సల్ఫేట్ అంటే మన రైతులకు తెలిసిన మైలుతుత్తమే. బోర్డో మిశ్రమంలో సున్నంతో కలిపి తోటలకు కొడతారు. అలా అని ఎరువుల షాపులో పావు కిలో తెచ్చి చిటికెడు వేయకండి, దండం పెడతా. లెక్క చూడండి. మామూలు అయానిక్ రాగి లీటరుకి 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు ఉండాలి. మైలుతుత్తం బరువులో నాలుగో వంతే రాగి. అంటే 40 లీటర్ల తొట్టికి కావాల్సింది 32 మిల్లీగ్రాముల తుత్తం. చిటికెడు దానికి ఎన్నో రెట్లు. కాస్త తక్కువైతే పరాన్నజీవి చావదు, కాస్త ఎక్కువైతే చేప చస్తుంది. అక్వేరియం కోసం అమ్మే కీలేటెడ్ రాగి మందులకి లెక్క వేరు, అవి లీటరుకి 2 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటాయి. సీసా మీద రాసిన మోతాదే వేదం. ఒక మందు లెక్క ఇంకో మందుకి వేయకండి. మోతాదుకి ఒకేసారి కాకుండా రెండు మూడు రోజుల్లో మెల్లగా తీసుకురండి, రోజూ టెస్ట్ కిట్‌తో కొలవండి. కిట్ కొనే డబ్బు లేకపోతే రాగి జోలికి పోవద్దు. అదే తొట్టిలో ఉంచితే నెల రోజులు మోతాదు తగ్గకుండా చూసుకోవాలి, మధ్యలో ఒక్కరోజు పడిపోయినా లెక్క మళ్లీ ఒకటి నుంచి.

రాగి వేసే తొట్టిలో ఇసుక, రాళ్లు ఉండకూడదు. అవి రాగిని పీల్చేసుకుంటాయి, పొద్దున వేసింది సాయంత్రానికి ఉండదు. చేప దాక్కోడానికి ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి చాలు. మెయిన్ తొట్టిలో మాత్రం ఎప్పటికీ రాగి వేయొద్దు. నత్తలు, రొయ్యలు, అనిమోన్లు అన్నీ పోతాయి, పీల్చుకున్న రాళ్లు ఆ తర్వాత కూడా నమ్మకంగా ఉండవు.

బోసి తొట్టి అనగానే వచ్చే చిక్కు అమ్మోనియా. కొత్త తొట్టిలో చెత్త అరిగించే బ్యాక్టీరియా ఉండదు, చేప తన మలంతోనే తాను విషమెక్కి చస్తుంది, మనం పాపం రోగాన్ని తిట్టుకుంటాం. అందుకే చేప కొనక ముందే, మెయిన్ తొట్టి ఫిల్టర్లో ఒక స్పాంజి నెలరోజులుగా నానుతూ ఉండాలి. చేప వచ్చిన రోజు దాన్ని క్వారంటైన్‌లో పెట్టండి. రాగి తొట్టిలోకి పోయిన స్పాంజి మాత్రం మళ్లీ వెనక్కి రాకూడదు. ఇంకో విషయం, రాగి ఉన్న నీళ్లలో అమ్మోనియా తగ్గించే కండిషనర్లు పోయకండి, రెండూ కలిసి చేపకి విషమవుతాయి. నీళ్లు మార్చడమే మంచిది, మార్చిన నీళ్లకి సరిపడా రాగి కలుపుకుని.

క్లౌన్ చేపలు పెంచేవాళ్లు పేరు గుర్తు పెట్టుకోవాల్సింది ఇంకొకటి, బ్రూక్లినెల్లా. ఒంటి జిగురు పొరలు పొరలుగా తెల్లగా ఊడిపోతుంది, ఒకటి రెండు రోజుల్లో చేప పోతుంది. దీనికి రాగి పనిచేయదు. ఫార్మలిన్ స్నానం చేయిస్తారు. అది మన ఊపిరితిత్తులకీ ప్రమాదమే, క్యాన్సర్ కారకం కూడా. గ్లోవ్స్, కిటికీలు తెరిచిన గది, బలంగా నడిచే ఎయిర్ పంప్ లేకుండా, అనుభవం ఉన్నవాళ్లు పక్కన లేకుండా చేయొద్దు. ఒంటి మీద, మొప్పల్లో పట్టే ఫ్లూక్ పురుగులకి ప్రాజిక్వాంటెల్ అనే మందు ఉంది. గుడ్లు దానికి చావవు కాబట్టి వారంలోపు రెండోసారి వేయాలి. మార్పిడి అయ్యాక చూసుకునే తొట్టిలో ఉంచే రెండు వారాలు ఈ పనికి వాడుకోవచ్చు.

మందులన్నీ పేరు రాసి పిల్లలకి అందకుండా పెట్టండి. 2020 మార్చిలో అమెరికాలోని అరిజోనాలో ఒకాయన, చేపల తొట్టి కోసం కొన్న క్లోరోక్విన్ ఫాస్ఫేట్‌ని కరోనాకి మందనుకుని మింగి చనిపోయాడు.

వెల్లుల్లి కలిపిన మేత గురించి రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. చేప ఇష్టంగా తింటుందేమో కానీ, పరాన్నజీవిని చంపుతుందని నమ్మొద్దు. క్లీనర్ రొయ్య చేప మీద చుక్కలు ఏరి తినేస్తుంది అన్నదీ అంతే. యూవీ లైటు ఈదే పిల్లల్ని కొంత తగ్గిస్తుంది, పూర్తిగా తుడిచేయదు. ‘మా తొట్టిలో ఇవే పనిచేశాయి’ అనేవాళ్లు చుక్కలు రాలిపోయిన రోజు ఫోటో పెట్టి ఉంటారు. ఇరవై రోజుల తర్వాత ఫోటో అడగండి.

మెసేజ్ పెట్టిన తమ్ముడి చేప ఇప్పటికే మెయిన్ తొట్టిలో ఉంది కదా, తనకి దారి ఏంటి? ఉన్న చేపలన్నిటినీ, చుక్కలు రానివాటిని కూడా, బయటికి తీసి మార్పిడో రాగో చేయించాలి. మెయిన్ తొట్టిని 76 రోజులు ఒక్క చేప లేకుండా నడపాలి. 72 రోజుల తిత్తి కూడా పగిలి, ఎక్కడానికి చేప లేక పిల్లలన్నీ చావడానికి ఆ లెక్క. నత్తలు, రొయ్యలు ఉండొచ్చు, వాటి మీద ఇది బతకదు. వాటికి కొద్దిగా మేత వేస్తుండండి, ఫిల్టర్ బ్యాక్టీరియా కూడా బతకాలి. నవంబరు 1న ఖాళీ చేస్తే సంక్రాంతి దాటి జనవరి 16కి చేపల్ని తిరిగి వేయొచ్చు. చల్లటి నెలలు, క్వారంటైన్ తొట్టికీ హాయి. మార్చి 1న మొదలెడితే మే 16 దాకా, అంటే మంట మధ్యలో రెండు తొట్లు చల్లబరుస్తూ కూర్చోవాలి. రెండున్నర నెలలు ఖాళీ తొట్టి చూడ్డం విసుగే. కొందరు ఈ విసుగులోనే ‘లైవ్ కోరల్ పెడదాంలే’ అని వెతుకుతారు. మన దేశంలో రీఫ్ కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి, సముద్ర గుర్రాలూ అంతే. ఎవరైనా వాట్సాప్‌లో అమ్ముతామంటే బ్లాక్ చేయండి.

కొత్తగా కొనబోయేవాళ్లు షాపులో పావుగంట కూర్చోండి. ముందు ఆ చేపని కాదు, దాని చుట్టుపక్కల తొట్లని చూడండి. ఎక్కడైనా చచ్చిన చేప తేలుతుందా, రాయికేసి ఒళ్లు రుద్దుకుంటున్నది ఉందా, రెక్కలు ముడుచుకుని మూలన ఉన్నది ఉందా? తర్వాత మీకు నచ్చిన చేప మొప్పలు పక్క చేప కంటే వేగంగా ఆడుతున్నాయేమో చూడండి. ఎన్ని రోజులైంది వచ్చి అని అడగండి. నీళ్లలో రాగి వేస్తారా అని కూడా మొహమాటం లేకుండా అడగండి, మంచి షాపువాడు చెప్తాడు. చివరగా ‘అన్నా, కొంచెం మేత వేయండి’ అనండి. ఎగబడి తింటే బేరం మొదలెట్టండి. తినకపోతే అడ్వాన్స్ ఇచ్చి, ఇంకో పది రోజులు అక్కడే ఉంచమనండి. అడ్వాన్స్ తీసుకోనంటే ఇంటికొచ్చేయండి, ఎటూ మీ టబ్బులు ఇంకా ఎండలో ఆరుతూనే ఉంటాయి.